చిట్టియ్య నడక, మూర్తిగారి ఆరోగ్యం

నిడదవోలు బజారులో గోపాలకృష్ణమూర్తిగారికి స్టీలు సామాన్ల కొట్టుంది. పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు బిందెల మోత, బేరాల మోత, ఆ రెండూ ఆగితే ఫోను మోత. యాభై దాటేసరికి ఆయనకి బీపీ పట్టుకుంది. మాత్రలు మార్చినా దిగలేదు. చివరికి డాక్టర్ క్రిస్టినా గారు, రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద, చెట్ల నీడన ఓ గంట నడవమన్నారు.

నడకంటే మూర్తిగారికి తగని చిరాకు. పక్క అరలో గిన్నె కావాలన్నా గుమాస్తాని కేకేసే మనిషి. కానీ భార్య నాగరత్నం ఊరుకునే రకం కాదు. ఆయన ఫోనులో అడుగులు లెక్కేసే యాప్ వేయించింది. ఆయన ఎక్కడ తిరుగుతున్నదీ తన ఫోనులో నీలం చుక్కై కనబడే ఏర్పాటు కూడా చేయించింది.

మొదటిరోజు ఆయన కాలవ లాకుల దాకా వెళ్ళి, ఆయాసపడుతూ అరుగు మీద చతికిలబడ్డారు. అక్కడే చిట్టియ్య అనే కాపరి గేదెలు మేపుతున్నాడు. గట్టు వెంట ఆ చివరికీ ఈ చివరికీ తిరగడమే అతని పని. మూర్తిగారికి చటుక్కున ఆలోచన తట్టింది. ఈ ఫోను కాస్త నీ జేబులో ఉంచుకో, కొట్లోంచి ఓ మంచి స్టీలు క్యారేజీ ఇస్తానన్నారు.

“ఆయ్, దానికేవుందండి. గేదెలతోపాటు దీన్నీ మేపుకొస్తాను” అన్నాడు చిట్టియ్య.

ఆ ఒప్పందం రోజూ నడిచింది. ఫోను గట్టంతా తిరిగేది, మూర్తిగారు అరుగు మీద కూర్చునేవారు. మొదట్లో ఎవరు ఫోను చేశారోనని మనసు పీకేది. ఆ తరవాత లాకుల్లోంచి దూకే నీళ్ళ చప్పుడు చెవికెక్కింది. అవతలి గట్టున వరి ఎంత పచ్చగా ఉందో చూశారు. ఒక లకుముకిపిట్ట వాలే కొమ్మ కూడా ఆయనకి తెలిసిపోయింది. ఇంటికెళితే ఆకలి, పక్కెక్కితే నిద్ర. కొట్లో గుమాస్తాలు, యజమాని తిట్టడం లేదేమిటని కంగారుపడ్డారు.

నెల తిరిగేసరికి బీపీ దిగింది. నడక మహిమ అంటూ నాగరత్నం వీధంతా చెప్పుకొచ్చింది. మూర్తిగారు వినయంగా తలొంచుకున్నారు.

ఒకరోజు చిట్టియ్య గేదెల్ని కడగడానికి కాలవలోకి దిగాడు. ఫోను తడవకూడదని తలపాగాలో దోపుకుని, ఛాతీలోతు నీళ్ళలో నిలబడి తాపీగా వాటి వీపులు రుద్దుతున్నాడు. అక్కడ ఇంట్లో నాగరత్నం తన ఫోను చూసింది. నీలం చుక్క కాలవ నడిమధ్యన ఉంది. కదలడం లేదు.

ఆవిడ గుమాస్తా స్కూటరు వెనకెక్కి, దారి పొడుగునా దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ లాకుల దగ్గర దిగింది. చూస్తే మొగుడు అరుగు మీద బాసింపట్టు వేసుకుని, పిట్టని చూసి నవ్వుకుంటున్నాడు. ఆవిడ ముందు ఏడ్చింది. చిట్టియ్య తలపాగాలో ఫోను మోగడం విన్నాక ఏడుపు మానేసింది. ఆ తరవాత అన్న మాటలకి గేదెలు కూడా తలలెత్తి చూశాయి.

ఆవిడ ఆయన్ని తిన్నగా ఆసుపత్రికి లాక్కెళ్ళి, ఈయన అడుగు తీసి అడుగేయలేదండీ అని ఫిర్యాదు చేసింది. క్రిస్టినా గారు నవ్వాపుకుని మళ్ళీ బీపీ చూశారు. తిట్లు తిన్నా మునుపటంత లేదు. పచ్చదనం, నీళ్ళ చప్పుడు, ఫోను లేని గంట కూడా మందేనండి, ఇక నడక కూడా కలిస్తే ఇంకా మంచిదని చెప్పారు.

మర్నాడు కాపలాకని నాగరత్నమూ బయల్దేరింది. ఇద్దరూ లాకుల దాకా నడిచి అరుగు మీద కూర్చున్నారు. పెళ్ళైనప్పట్నుంచీ నోరు మూయని మనిషి ఎంతసేపటికీ ఉలకలేదు, పలకలేదు. మూర్తిగారికి భయమేసింది.

“ఏవే, ఒంట్లో బాలేదా?” అని మెల్లిగా అడిగారు.

“కాసేపు మాట్లాడకండి” అంది నాగరత్నం, కొమ్మ మీంచి చూపు తిప్పకుండా. “పిట్ట ఎగిరిపోద్ది.”