దేవుని గూట్లో శ్యామల

ఇల్లు ఊడ్చి, వాకిట్లో నీళ్లు చల్లి, పొయ్యి అలికాక విమలకు రోజూ ఇంకో పని ఉండేది. దేవుని గూట్లో పటాల అద్దాలు తడిగుడ్డతో తుడిచి ఒక్కోదానికి బొట్టు పెట్టాలి. నాలుగు పటాలు. మూడింటి దగ్గర చెయ్యి తిన్నగానే పోయేది. నాలుగోదాని ముందుకొచ్చేసరికి కుంకుమ వేలు గాలిలోనే ఆగేది. ఆకుపచ్చ పట్టుచీర, చేతిలో దీపం, వంచిన కళ్లు. అది దేవుడూ కాదు, దేవతా కాదు. విమలకు సొంత అక్క శ్యామల.

అరవై ఎనిమిదో సంవత్సరానికి బొంబాయి మిల్లువాళ్లు అచ్చేయించిన క్యాలెండరు అది. బోధన్ బజార్లో చీర కొంటే ఊరికే ఇచ్చారు. అత్తగారు భూమవ్వకు చదువు రాదు. దీపం పట్టిన ఆడమనిషి లక్ష్మి గాక మరెవరవుతుంది? తేదీల ముక్క కత్తిరించి అద్దం కట్టించి తెచ్చింది. "మొఖంల కళ సూడుండ్రి. ఈమె అడుగువెట్టినంకనే మా బర్రె ఈనింది" అని వచ్చినవాళ్లకల్లా చూపించేది. విమల పెనిమిటి రాజేశ్వర్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల కాంటా దగ్గర గుమాస్తా. ఆయన పటం చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు, అన్నం కలుపుకుంటూ, "ఉండనియ్యి. గోడకున్నంతసేపు మాట్లాడదు గదా" అన్నాడు.

ఆయనకు తెలుసు. పెళ్లైన రెండో ఏడు విమలే ఏడ్చి చెప్పుకుంది. "గా ముచ్చట మా అవ్వ చెవుల పడ్డనాడు నీ బట్టలు మూటగట్టుకో. పిల్లను మాత్రం ఈడనే ఇడిసిపో" అన్నాడు. ఒక్క ఆయననే అని ఏం లాభం? పెళ్లిచూపులనాడు ఎడపల్లిలో విమల తండ్రి పదిమందిలో "నాకొక్కతే బిడ్డ" అన్నాడు. పక్కనే తల వంచుకుని కూర్చున్న విమల ఆ తల ఎత్తలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుంది.

ఇంతకూ శ్యామల చేసిన పాపమేమిటి? పదహారేళ్లకు బొంబాయిలో మిల్లు పనివాడికిచ్చి చేస్తే రెండేళ్లకే అతను క్షయతో పోయాడు. తండ్రి తీసుకురావడానికి పోలేదు. ఆ పిల్ల నాలుగిళ్లలో అంట్లు తోముకుని బతికింది. అందులో ఒక ఇల్లు మిల్లు షోరూం మేనేజరుది. టోకు వ్యాపారుల ముందు చీరలు కట్టి చూపించే మనిషి ఒకనాడు రాకపోతే ఈమెను నిలబెట్టి నడవమన్నారు. నడిచింది. ఈ నడక ఎక్కడ నేర్చావని అడిగారట. నిజాంసాగర్ కాలువ నుంచి రెండు బిందెలు నెత్తిన పెట్టుకొచ్చిన నడక అది, ఇంకెక్కడ నేరుస్తుంది? తండ్రి చింపి పారేసిన ఉత్తరాల ముక్కలు ఏరుకుని విమల చదివిన సంగతులివి. తర్వాత పత్రికల మీద బొమ్మలు, ఢిల్లీ కలకత్తాల్లో పెద్ద పెద్ద హోటళ్లలో వేదికల మీద నడకలు, శీల అని కొత్త పేరు. నిజామాబాద్ బట్టల దుకాణాల్లో ఆమె నిలువెత్తు బొమ్మ ముందు మగవాళ్లు సైకిళ్లు ఆపి చూసేవారు. ఆ కాలువ నీళ్లు విమలా మోసింది. ఆ నడకే ఆమెకూ ఉంది. ఎవరూ నడిచి చూపించమనలేదు, ఇంకో బిందె తెమ్మన్నారంతే.

ఆ కార్తీకంలో నిజామాబాద్‌లో కొత్త బట్టల దుకాణం తెరవడానికి శీలను పిలిపించారు. మర్నాడు మధ్యాహ్నం విమల బూడిదతో బోళ్లు తోముతుంటే వాకిట్లో ఒక మనిషి నిలబడింది. నేతచీర, కళ్లజోడు, ముఖాన పౌడరైనా లేదు. చెరుకు బండ్లు బారులు తీరిన సందులోకి కారు రాక మూలమీదే ఆగిపోయింది.

"విమలా" అంది.

పన్నెండేళ్ల తర్వాత ఆ గొంతు. విమల లేవబోయింది. అరుగు మీద భూమవ్వ తల తిప్పింది.

"ఎవలే గామె?"

బడిలో ఉన్న ఇద్దరు పిల్లలూ, మూటగట్టిన బట్టలూ విమల కళ్ల ముందు తిరిగాయి. నోరు తనది కానట్టే మాట జారింది. "మా ఊరామె అత్తమ్మా. ఇండ్లల్ల పనిజేస్తది."

శ్యామల చెల్లెలి వైపు చూసింది.

"పనిజేసేదానివి ఉత్తగ నిలవడ్డవేందమ్మా. జెర గా బోళ్లు తోమిపో, చాయ్ తాగుదువు" అంది భూమవ్వ.

వద్దనడానికి విమల నోరు తెరిచింది. అప్పటికే శ్యామల చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, చెల్లెలి చేతిలోంచి పీచు తీసుకుంది.

"గా గూట్ల మా లక్ష్మమ్మ ఉన్నది. మొక్కు, పుణ్యమొస్తది."

తెరిచిన తలుపులోంచి శ్యామల గూటివైపు చూసింది. తన ముఖం మీద పొద్దున్నే చెల్లెలు పెట్టిన బొట్టు. బూడిద చేతులు అలాగే జోడించింది.

చాయ్ విమలే తెచ్చింది. కూలివాళ్ల కోసం చూరులో దోపి ఉంచే పిడి విరిగిన కప్పులో, గిన్నె తగలకుండా పైనుంచి పోసింది. శ్యామల తాగి, కప్పు కడిగి బోర్లించింది.

"పిల్లలను సూసిపోదామని వచ్చిన" అంది లోగొంతుతో. "బడికి వోయినట్టున్నరు. పోనీ తియ్యి. పైలంగ ఉండు."

వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ తన సిగ్గు అక్కను గురించేనని విమల అనుకుంది. ఇప్పుడు ఆ సిగ్గు ఒళ్లంతా పాకి, చాయ్ పోసిన తన చేతి మీదికే వచ్చి ఆగింది.

భూమవ్వ గిన్నె ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. "తోముడంటే గిది. రేపటిసంది రమ్మను, ఉరికిపోయి చెప్పు."

విమల చేతులు కడుక్కుంది.

"ఆమె రాదు అత్తమ్మా. మా అక్క ఆమె. ఒక్క తల్లి కడుపుల పుట్టినం. ఇండ్లల్ల పనిజేసేది నేను."

వెనక భూమవ్వ ఏమందో ఆమె ఆగి వినలేదు. కాళ్లకు చెప్పులైనా లేకుండా చెరుకు బండ్ల మధ్య నుంచి పరుగెత్తింది. కాంటా దగ్గర రాజేశ్వర్ తలెత్తి చూశాడు. బండ్లవాళ్లంతా చూశారు. కారు దాకా వినబడేలా పిలిచింది.

"అక్కా, జెర ఆగు. పిల్లలొచ్చే యాళ్లయింది."