పన్నెండు పళ్ళ చక్రం

రండి, రండి. ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల గుసగుసలాడుతున్న ఆ ఇద్దరూ నోళ్ళు కాసేపు కట్టిపెట్టండి. ఫోను చూసుకుంటున్న పెద్దమనిషి దాన్ని జేబులో పడేసుకోవాలి. నాకు పన్నెండు పళ్ళున్నాయి గానీ నాలుక లేదు, గట్టిగా అరవలేను. ఇన్నాళ్ళూ అరవలేకే నా ప్రాణం విసిగిపోయింది.

నేను ఒక స్ప్రాకెట్‌ని. మోటారు సైకిలుకి ఇంజను పక్కన, మీ ఎడమ కాలి దగ్గర, మూత కింద దాక్కుని ఉండే చిన్న పళ్ళ చక్రాన్ని. వెనక చక్రానికి బిగించి ఉండేవాడు మా పెద్దన్న, అన్నం పళ్ళెమంత ఉంటాడు. ఇంజను నన్ను తిప్పుతుంది, నేను చైనుని లాగుతాను, చైను అన్నని తిప్పుతుంది, అప్పుడు గానీ మీరు అంగుళం కదలరు. అంటే ఊరందరినీ మోస్తున్నది నేనే. అయినా బండి కొన్నవాడు అద్దం తుడుస్తాడు, సీటుకి కవరు తొడుగుతాడు, హారనుకి దండ వేస్తాడు. మూత తీసి నా మొహం చూసినవాడు ఒక్కడు లేడు.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాది కార్ఖానాలో. ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు. అప్పుడు నేను పెట్టిన కేకకి ఆ పైనుంచి పోతున్న మూడు కాకులు తెల్లబడిపోయాయి. నమ్మకపోతే వెళ్ళి కాకుల్ని అడగండి.

అక్కడి నుంచి నేను చేరింది బిందెల అప్పలస్వామి దగ్గరికి. బండికి ముందూ వెనకా స్టీలు బిందెలు కట్టుకుని ఊళ్ళు తిరిగేవాడు. దూరం నుంచి చూస్తే బండీ కనపడదు, మనిషీ కనపడడు. బిందెల గుట్ట ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చేది. అంత బరువు లాగాలంటే వేగం కాదు, నిదానం కావాలని ఆయనకి తెలుసు. అందుకే పద్నాలుగు పళ్ళ చక్రం తీయించి నన్ను వేయించుకున్నాడు. ఒకసారి బురదలో దిగబడిన బండిని నేను లాగిన లాగుడుకి, బండితోపాటు పొలం గట్టు కూడా పక్క ఊరికి వచ్చేసింది. ఆ రైతు ఇప్పటికీ గట్టు వెతుక్కుంటున్నాడు.

అప్పలస్వామి ఆటో కొనుక్కున్నాక నన్ను తుమ్మికవలస జంక్షన్లో మెకానిక్ పోలినాయుడికి ఇచ్చేశాడు. పోలినాయుడు నన్ను గోడకి మేకు కొట్టి తగిలించాడు. నా కష్టాలన్నీ ఆ మేకు మీదే మొదలయ్యాయి. చూస్తూ ఉండాలి, మాట్లాడకూడదు. మెకానిక్ షాపులో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఒక రోజు తవిటయ్య బండి తోసుకుంటూ వచ్చాడు. కొండ మీది గూడేలకి వెళ్ళి పశువులకి సూదులు వేసే మనిషి, అందరూ మేకల డాక్టరు అంటారు. బండి వెనక ఐసు పెట్టె, అందులో మందు సీసాలు.

"నాయుడుబాబూ, బండి ఎక్కట్నేదు. కొండదారిలో బోడిబండ కాడికి ఎల్లేసరికి క్లచ్చి కాలిపోతంది. దిగి తోసుకుంటే మద్దేన్నం అయిపోతంది. పెట్లో ఐసంతా నీళ్ళే. మందు పారబోసీసి వచ్చీసినాను."

జరిగింది ఇదీ. కొండ మీద పనసమానుగూడ అనే గూడేనికి పోయే దారి దారి కాదు, కొండ తన జేబులోని రాళ్ళన్నీ అక్కడ ఒలకబోసుకుంది. ఆ రాళ్ళ మీద మనిషి నడకంత మెల్లగా పోవాలి. ఆ బండి ఫస్టు గేరులో కూడా పరిగెడుతుంది. వేగం తగ్గిస్తే ఇంజను ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలని ఆయన క్లచ్ సగం నొక్కి పట్టుకుంటాడు, అది కాస్తా కాలుతుంది. ఆ టీకా మందేమో చల్లగా ఉన్నంతసేపే మందు, ఐసు కరిగిందంటే ఉత్త నీళ్ళు.

తవిటయ్య వెనకాలే సుక్కమ్మ కూడా దిగివచ్చింది. పనసమానుగూడ మనిషి, నడివయసు దాటింది. షాపు ముందు పాత టైరు మీద కూర్చుంది.

"డాక్టరు బాబూ, కింద గూడలో నాలుగు మేకలు పోనాయి. ముక్కులు కారీసి, నోట్లో పుళ్ళు లేచి, మేత ముట్టకుండా పోనాయి. ఇయ్యాలో రేపో మా కాడికొచ్చీస్తాది. మాకు మేకలు తప్పితే ఏటున్నాది?"

"ఎల్లుండి వచ్చీస్తానప్పా."

"మొన్నా వస్తానన్నావు. బండ కాడ నీ బండి ఏడుపు మాకు పైకి ఇనబడింది. నువ్వు మాత్రం కనబడనేదు."

పోలినాయుడు చేతులు గుడ్డకి తుడుచుకుని బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు.

"బండికి బలం సాల్నేదు. పళ్ళు పెంచాల."

"ఏ పళ్ళు?"

"ముందు దానికి పద్నాలుగున్నాయి, ఎనక దానికి నలబై రెండు. రెండూ పెంచీద్దాం. ఒక్కటి పెంచితే ఏటి బలం? మడిసికి పైపళ్ళు మాత్రమే ఉంటే ముద్ద నవులుతాడేటి?"

అయ్యా, మేకు మీద నా పన్నెండు పళ్ళూ పటపటమన్నాయి. లెక్క వినండి, చిన్నదే. ముందు పద్నాలుగు, వెనక నలభై రెండు అంటే నా స్థానంలో ఉన్నవాడు మూడుసార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుంది. ఈయన వేస్తానంటున్నది ముందు పదహారు, వెనక నలభై ఎనిమిది. అప్పుడూ మూడుసార్లకి ఒకసారే. చొక్కా తిరగేసి తొడుక్కుని కొత్త చొక్కా అన్నట్టుంది వరస. నిదానం కావాలంటే వెనక పెంచాలి, ముందు తగ్గించాలి. తగ్గించడమనే మాట మనిషి బుర్రలోకి దిగదు. పెద్దదంటే వీళ్ళకి అంత పిచ్చి.

సుక్కమ్మ నా వైపు వేలు చూపించింది. "ఆ బుల్లిదేటి నాయుడూ?"

"అదా, పళ్ళూడిపోయిన ముసిల్ది. పన్నెండే ఉన్నాయి," అన్నాడు పోలినాయుడు.

నాకు పుట్టినప్పుడే పన్నెండు. ఒక్కటీ ఊడలేదు. చెప్పుకుంటే వినేదెవరు?

రెండు పెద్ద చక్రాలూ బిగించాడు, చైను పొడుగు చేశాడు. తీసేసిన పద్నాలుగు పళ్ళదాన్ని ఆ పూటే ఒక మాస్టారి బండికి వేసేశాడు. మూడో రోజు తెల్లారి తవిటయ్య కొత్త ఐసు, కొత్త మందుతో బయల్దేరాడు. మధ్యాహ్నానికి మళ్ళీ తోసుకుంటూ వచ్చాడు. అదే బండ, అదే క్లచ్ కంపు, అవే నీళ్ళు. అదనంగా, ముందున్న పదహారు పళ్ళ లావుపాటిది మూత కింద చోటు చాలక రాసుకుని రాసుకుని మూతని పగలగొట్టేసింది.

"ఇంకొక్క పెట్టికే మందున్నాది నాయుడుబాబూ," అన్నాడు తవిటయ్య. అరిచి ఉంటే బాగుండేది, మెల్లగా అన్నాడు. "అదీ పోతే మళ్ళీ వచ్చీసరికి పదిహేను రోజులు. ఈలోపు ఆ గూడలో మేకన్నది ఉండదు. సుక్కమ్మప్పకి ఏ మొకం సూపించాల?"

పోలినాయుడు మొదటిసారి బుర్ర గోక్కున్నాడు. పదహారుది పనికిరాదు. పద్నాలుగుది మాస్టారితో బడికి పోయింది. ఆ బండికి సరిపడేది షాపు మొత్తంలో ఇంకేదీ లేదు. చివరికి మేకు వైపు చూశాడు. నన్ను ప్రేమతో తీశాడనుకునేరు.

"ఇంటికెల్లడానికి మాత్రమే ఇది. రేపు టౌన్నించి మంచిది తెప్పిస్తాను," అంటూ నన్ను బిగించి, చైను రెండు లింకులు తగ్గించాడు. వెనక అన్న నలభై ఎనిమిది పళ్ళతో అక్కడే ఉన్నాడు. ఇప్పుడు నేను నాలుగుసార్లు తిరిగితే ఆయన ఒకసారి. చూశారా, ఇంత పెద్ద తెలివైన పని పొరపాటున జరిగింది.

తారు రోడ్డు మీద తవిటయ్య నన్ను తిట్టని తిట్టు లేదు. ఇంజను గింజుకుంటోంది, బండి నలభై దాటడం లేదు. పాలవాడి సైకిలు దాటిపోతూ వెనక్కి తిరిగి ఓదార్పుగా చూసింది. తవిటయ్య ఇంటి ముందు ఒక ఏటవాలు ఉంది. రోజూ గేరు మార్చుకుని రొప్పుతూ ఎక్కేవాడు. ఆ సాయంత్రం క్లచ్ వదిలేసినా, ఆక్సిలేటరు తిప్పకపోయినా బండి తనంతట తాను టుకుటుకుమంటూ ఎక్కేసింది. ఆయన నమ్మలేదు. కిందికి దిగి మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దిగాడు. అయిదోసారికి వాళ్ళావిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఇంటికొచ్చినట్టా, ఎల్తన్నట్టా?"

"ఉండవే, బండి ఆగకుండా నడుస్తాది."

"నడిచేది నడవనీ. నువ్వు దిగి కాళ్ళు కడుక్కో."

మర్నాడు తెల్లారగానే ఆఖరి పెట్టె కట్టుకుని బయల్దేరాడు. షాపు ముందు ఆగి సంగతి చెబితే పోలినాయుడు ఛాతీ విరుచుకున్నాడు. "అందుకే గదా ఎతికి ఎతికి ఏసినాను," అన్నాడు. నేను విన్నాను. మూత పగిలిపోయింది కదా, అన్నీ వినిపిస్తాయి.

ఇక మా ఎక్కుడు చెప్పమంటారా? ఎంత మెల్లగా పోయామంటే, ఒక నత్త వెనకనుంచి వచ్చి సైడు అడిగింది, ఇచ్చాం. బోడిబండ దగ్గర తవిటయ్య క్లచ్ మీద వేలు పెట్టలేదు. ముందు టైరు రాయి ఎక్కింది, ఆలోచించుకుంది, దిగింది. నేను పంటి తర్వాత పన్ను చైనులో దించుకుంటూ లాగాను. కొండ నా బరువుకి కాస్త వెనక్కి ఒరిగిందంటే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను. పైకి చేరి పెట్టె మూత తీస్తే ఐసు గడ్డలు ఇంకా గడ్డలుగానే ఉన్నాయి. తవిటయ్య పగిలిన మూతలోంచి నన్ను చూపించి, బండిని మెల్లగా నడిపించింది ఈ బుల్లిదేనని గూడెమంతటికీ చెప్పాడు.

సుక్కమ్మ ఒక గడ్డ చేత్తో పట్టుకుని, కరిగేదాకా వదల్లేదు.

మేకల్ని వరసగా పట్టుకొచ్చారు. తవిటయ్య సూదులు వేస్తూ పోయాడు. ముప్పై ఎనిమిది అయ్యాయి, ముప్పై తొమ్మిదోది సుక్కమ్మ మేకపోతు. దొరకదు. విప్పిన సీసా గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఆ ఒక్కటి మిగిలితే రోగం వచ్చి కూర్చోవడానికి దాని ముక్కు చాలు. నలుగురు చుట్టుముట్టారు, నలుగురి మధ్యలోంచీ పోయింది. తవిటయ్య రాతి మీద జారి మోకాలు చెక్కుకున్నాడు. సుక్కమ్మ కొంగు బిగించి పరిగెత్తి, ఆయాసంతో కూలబడి, "బాబూ, అదొక్కటి వదిలీకు," అంది. ఇంత దూరం నిదానంగా వచ్చి, ఇక్కడ వేగం చాలక ఓడిపోతామా అని నా పళ్ళు కొరుక్కుంటున్నాను.

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్న ఒక ముసలమ్మ, నోట్లోంచి అడ్డపొగ చుట్ట తీసి, బూడిద రాల్చి, తవిటయ్యని దగ్గరికి పిలిచింది.

"ఎందుకు బాబూ ఆ పరుగులు? నీ బండికున్న ఆ బుల్లి సక్రం ఇప్పి ఈ పోతుకి బిగించు. అదే మెల్లగా నడుస్తాది, అప్పుడు పట్టుకుందుం."