అరవై రెండో నంబరు బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. బెజవాడలో ఒక కంచరి రేకు కోసి, పైన చిల్లు పొడిచి, ఒంటిమీద 62 అని అంకె కొట్టి పంపాడు. నోరు మాత్రం పెట్టలేదు. మనుషులకు అది పుట్టుకతోనే ఉంటుంది, అవసరానికి వాడేవాళ్ళే తక్కువ.

కృష్ణకు అడ్డంగా ఆనకట్ట రాకముందు నేనున్న ఈ దీవి ఒక కొండ. దాని కడుపులో సీసపు గని ఉండేది. పనివాడు లోపలికి దిగేటప్పుడు తన బిళ్ళను వెంట తీసుకెళ్ళాలి, పైకొచ్చాక గోడకున్న బల్లమీద తన మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. కానీ పొద్దంతా రాయి కొట్టినవాళ్ళకు బల్ల దగ్గర వరసలో నిలబడే ఓపిక ఎక్కడిది? ముందు వచ్చినవాడే తోటివాళ్ళ బిళ్ళలూ తెచ్చి తగిలించేవాడు. మేస్త్రీ చూసీచూడనట్టు ఊరుకునేవాడు.

నేను ఏసోబు బిళ్ళను. నీళ్ళు కొండ చుట్టూ ఎక్కుతున్నాయని గని మూసేసే రోజున అతను నన్ను సైదులు చేతిలో పెట్టాడు. "సమ్మెటలు ఎత్తుకొని ఎనకే వస్తా, నాది గూడా తగిలియ్యి" అన్నాడు. సైదులు తగిలించాడు. మేస్త్రీ వచ్చి చూస్తే మేకులన్నీ నిండి ఉన్నాయి. మందు పెట్టి గని ద్వారం పేల్చేశారు. నేను మేకుకు వేలాడుతూ ఆ చప్పుడు విన్నాను, అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

ఏసోబు ఇల్లు చేరలేదని విని, మర్నాడు సామాన్లకోసం వచ్చిన సైదులు నన్ను చూసి తల దించుకున్నాడు. చెబితే తప్పు తన మెడకు చుట్టుకుంటుందని గమ్మునున్నాడు. ఏసోబు పెళ్ళాం చంటిపిల్లను చంకనేసుకొని వచ్చి మొగుడేడని అడిగింది. గుమాస్తా నన్ను చూపించి, బిళ్ళ ఇక్కడుంటే మనిషి పైకొచ్చినట్టేనని, ఎటో లేచిపోయి ఉంటాడని తేల్చేశాడు. ఊరివాళ్ళు మాచర్లలో ఎవత్తినో అంటగట్టారు కూడా. ఆమె నన్నే నమ్మింది. దానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

ఇప్పుడు చూడవచ్చేవాళ్ళ కోసం దీవిమీద ప్రకృతి బాట వేశారు. నాలుగు కిలోమీటర్ల నడక. పాత సామానంటే జనానికి మోజు కదా, వచ్చినవాళ్ళ లెక్క తప్పకుండా మా బిళ్ళలే మెళ్ళో వేసి, తిరిగొచ్చాక రేవు దగ్గర ఆ పాత బల్లకే తగిలించమంటున్నారు.

మొన్న ఆదివారం ఏసోబు కూతురు దానమ్మ వచ్చింది. ఆనాటి చంటిపిల్లే, ఇప్పుడు తల నెరిసింది. తన తండ్రి నంబరని చెప్పి, నన్నే కావాలని అడిగి మరీ తీసుకుంది. ఈ గనిలో ఒక్క ప్రాణం కూడా పోలేదని, చివరి రోజు బిళ్ళలన్నీ పైకొచ్చాయని గైడు గొప్పగా చెప్పాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

మోదుగు చెట్ల మధ్య నడిచారు. ఒకప్పుడు గని రాయి మోసిన, తుప్పుపట్టిన తొట్టిబండి దగ్గర అందరూ ఫోటోలు దిగారు. మూసేసిన ద్వారం దగ్గర దానమ్మ కంచె పట్టుకొని ఆగిపోయింది.

"యాడికి పోయావు నాయనా? అమ్మ నిన్ను తిడతానే చచ్చిపోయింది" అంది.

ఏసోబు ఆ రాళ్ళ వెనకే ఉన్నాడు. నేను ఆమె గుండెమీదే ఉన్నాను. ఎంత కొట్టుకున్నా ఒక్క మాట చెప్పలేకపోయాను.

తిరిగి రేవు చేరేసరికి ఆమె మోకాళ్ళు పట్టేశాయి. తోడు నడిచిన గుంటూరు ఆవిడ జాలిపడి, పిన్నిగారు పడవెక్కితే ఆ బిళ్ళ కూడా తానే తగిలిస్తానని నన్ను అందుకుంది, తగిలించింది. గైడు బల్లకేసి చూసి, అందరూ వచ్చేశారు, పడవ తియ్యమన్నాడు.

పడవలో ఒక కాలు పెట్టిన దానమ్మ అలాగే ఆగి నాకేసి చూసింది.

"బాబూ, ఆ బిళ్ళ నేను తగిలించలా."

"ఎవరు తగిలిస్తే ఏముందమ్మా, లెక్క సరిపోయిందిగా" అన్నాడు గైడు.

ఆమె పడవ అంచున కూలబడింది. ఇంజను వేశారు. గుంటూరు ఆవిడ కంగారుపడి ఏమైందని అడిగింది. దానమ్మ గని వైపు నుంచి చూపు తిప్పలేదు.

"మా నాయన యాడికీ పోలా" అంది. "అమ్మకిప్పుడు ఎట్టా చెప్పేది?"