జైనబ్బీ తుంటి, మంగతాయారు అడుగు

నేను ఒక ఎముకను. తొడ ఎముక పైకొసన గుండ్రంగా ఉండే తలను. జైనబ్బీతోనే పుట్టి, ఆవిడతోనే పెరిగాను. గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని, అమ్ముకుంటూ ఆవిడ కాకినాడ వీధులన్నీ తిరుగుతుంటే బరువు మోసింది నేను. ఆవిడ మెచ్చుకున్నది మాత్రం కాళ్లను.

నా మీది మెత్తటి పొర అరిగిపోయి ఆవిడకు నడకే నరకమైంది. నన్ను తీసేసి లోహపు బంతి పెడతామన్న డాక్టరు ప్రభావతి, తీసిన ఎముకను ఇంకొకరికి ఇస్తారా అని అడిగింది.

"పారేసేదేగా, ఇచ్చెయ్యండమ్మా. తిరిగి తిరిగి అలిసిపోయింది గానీ గట్టిదే," అంది జైనబ్బీ.

పరీక్షలన్నీ చేసి నన్ను చలిపెట్టెలో దాచారు. అక్కడ కాలం లేదు. తెల్లటి నిద్రలో ఎక్కడో గాజులు గలగలలాడేవి.

అదే ఆసుపత్రికి హరికథలు చెప్పే మంగతాయారు వచ్చింది. ఎప్పుడో వేయించుకున్న కృత్రిమ తుంటి వదులై, చుట్టూ ఉన్న ఎముకను తినేసింది. గిన్నెలా ఉండాల్సిన చోట గుంట మిగిలింది. అప్పుడు జరిగిన మాటలు ఆమె తర్వాత అందరికీ చెప్పుకుంటుంటే లోపలి నుంచి విన్నాను.

"ఎముకతో పూడ్చకపోతే కొత్త గిన్నె నిలవదమ్మా. ఇక మంచమే," అంది డాక్టరు.

"ఎవరిదండీ ఆ ఎముక? పేరన్నా చెబుదురూ."

"చెప్పకూడదమ్మా. మీలాగే తుంటి మార్పించుకున్న ఒకావిడ ఇచ్చింది."

"పేరు తెలీకుండా ఒంట్లో ఎలా పెట్టుకుంటానండీ!" అని మంగతాయారు మొహం తిప్పుకుంది. మళ్లీ ఇటు తిరిగి మెల్లగా అడిగింది: "ఆవిడ నడుస్తోందాండీ?"

"చక్కగా నడుస్తోంది."

"అయితే పెట్టేయండి."

గోరువెచ్చని నీళ్లలో మెలకువ వచ్చింది. నన్ను శనగబద్దలంత ముక్కలు చేసి, గుంటలో పోసి, దిమ్మిస కొట్టినట్టు కొట్టి కూరారు. పైన కొత్త గిన్నె అమర్చారు.

మంగతాయారు నెలల తరబడి చేతికర్రల మీద విసుక్కుంటూ నడిచింది. లోపల ఆమె నెత్తురు నా సందుల్లోకి సన్నని వాగులా పాకింది. నా గోడలు ఒక్కొక్కటే కరిగి, ఆ చోట ఆమె ఎముక లేచింది. అది చావో నిద్రో తెలియలేదు. భయం మాత్రం వేయలేదు.

ఏడాది తిరిగాక డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసి నవ్వింది. "ఏది వాళ్లదో, ఏది మీదో నాకే తెలీడం లేదమ్మా."

ఆ మాఘంలో మంగతాయారు మళ్లీ కథకు లేచింది. గెంతవద్దన్నారు కాబట్టి గెంతలేదు. చిడతలు మోగించి, కళ్లు మూసుకుని, ఒళ్లంతా ఆ తుంటి మీదికి వాల్చింది.

నిలిచాం.