రెండో తెర

కంట్రోల్ రూమ్‌లో రెండో మానిటర్ చచ్చిపోయి చాలా రోజులైంది. కొత్తది కావాలని అడిగిన ప్రతిసారీ మేనేజర్ తల ఊపేవాడు. ఆ ఊపుడు అవునో కాదో ఆ కోల్డ్ స్టోరేజీలో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఆపరేటర్‌కి అక్కడ సొంత పేరంటూ లేకుండా పోయింది. అందరికీ అతను బావమరిదే. ఆ ఉద్యోగం ఇప్పించింది అక్క మొగుడు. మెషిన్లన్నీ ఆయన చేతిలోనే ఉండేవి, అందరూ మేస్త్రి అని పిలిచేవారు. మేస్త్రి బావమరిది కాస్తా వారం తిరక్కుండానే లారీ డ్రైవర్లకి కూడా బావమరిది అయిపోయాడు.

ఆ స్టోరేజీ నిండా ఆపిల్ పళ్ళే. వాటికి చల్లదనం ఒక్కటే చాలదు. గదిలో గాలిని తరిమేసి నైట్రోజన్ నింపితే నెలల తరబడి పండు మగ్గకుండా నిద్రపోయినట్టు పడుంటుంది. పండుకి నిద్ర, మనిషికి చావు. వాసన రాదు, కళ్ళు మండవు, దగ్గు కూడా రాదు. కాస్త మత్తుగా ఉందే అనుకునేలోపు కాళ్ళు చచ్చుబడతాయి. అందుకే గదిని బయటి గాలితో నింపాకే మనిషి లోపలికి దిగాలి. దిగినవాడు బయటికి వచ్చేదాకా తలుపు దగ్గర ఒకడు నిలబడాలి. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ ఆ గది ఆక్సిజన్ అంకె మీద నుంచి కన్ను తిప్పకూడదు.

ఆ అంకెలుండే పేజీ రెండో మానిటర్‌లో ఉండేది. మొదటిదాని నిండా లారీలు, లోడింగ్ వరస, గదుల చల్లదనం. రెండోది పోయాక బావమరిది ఒక పేజీ మూసి ఇంకోటి తెరుస్తూ నానా తంటాలు పడ్డాడు. అప్పుడే మేనకోడలి పాత వీడియో గేమ్ గుర్తొచ్చింది. చేతిలో పట్టుకుని ఆడుకునేది, అరచేతికన్నా కాస్త పెద్ద తెర. ఫోన్ వచ్చాక ఆ పిల్ల దాన్ని బీరువాలో పడేసింది. అడిగితే, తను గెలిచిన ఆటలు చెరపకూడదని మావయ్య చేత ఒట్టు వేయించుకుని మరీ ఇచ్చింది.

పక్కనున్న లోడింగ్ ఆఫీసులో ఒక పాత వైఫై డబ్బా తగిలించాడు. కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ పెట్టాడు. కంప్యూటర్ బొమ్మని పంపిస్తుంది, గేమ్ దాన్ని చూపిస్తుంది. మౌస్ కుడివైపుకి తోస్తే బాణం గుర్తు పెద్ద మానిటర్ అంచు దాటి చిన్న తెరలోకి దూకేది. అది చూసి మేస్త్రి మురిసిపోయాడు.

"నీకు పిల్లనిచ్చిన మీ మామగారికి బుద్ధి లేదనుకున్నాను. కాస్త ఉన్నట్టే ఉంది," అన్నాడు.

"నాకు మా అక్కనిచ్చిన మా నాన్నకి లేదు బావా," అన్నాడు బావమరిది. అన్నాక గానీ 'నీకు' అనబోయి 'నాకు' అన్నానని తెలియలేదు. మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వి, ఆ మాటని స్టోరేజీ అంతా ఊరేగించాడు.

చిరాకు పెట్టింది ఒక్కటే. వైఫై కాస్త తడబడితే చాలు, కనెక్షన్ తెగిందంటూ ఒక పెద్ద హెచ్చరిక పలక అంకెల మీదికి వచ్చి కూర్చునేది. అర నిమిషంలో అదే పోయేది. ఈలోపు అంకె కనపడదు. బావమరిది వెతికి వెతికి ఆ పలక రాకుండా ఆపేశాడు. ఇంకో సంగతి అతనికే కాదు, ఎవరికీ తట్టలేదు. ఆక్సిజన్ తగ్గితే మోగే అలారం చచ్చిపోయిన మానిటర్ స్పీకర్లోంచి వచ్చేది. చిన్న తెరకి బొమ్మ వెళ్ళింది, చప్పుడు వెళ్ళలేదు.

ఆ రోజు మూడో గదిలో ఫ్యాన్ మోటారు ఆగింది. పొద్దున్నుంచీ గదికి గాలి పెట్టారు. చిన్న తెర మీద అంకె మెల్లగా పెరిగి ఇరవై పాయింట్ ఎనిమిది దగ్గర నిలబడింది. మామూలు గాలి అది. మేస్త్రి పక్కగది నుంచి వచ్చే నైట్రోజన్ పైపు వాల్వు తనే బిగించి, హెల్పర్‌ని తలుపు దగ్గర నిలబెట్టి లోపలికి దిగాడు.

అంతలో వాకిట్లోకి లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. మేనేజర్ హెల్పర్‌ని లోడింగ్‌కి రమ్మని కేక వేశాడు. హెల్పర్ తలుపు వదల్లేక, మేనేజర్‌కి ఎదురు చెప్పలేక నలిగిపోయాడు. ఆ గొడవంతా వాకీటాకీలో మేస్త్రి చెవిన పడింది.

"వాడిని పంపించెయ్యరా. నువ్వు చూస్తున్నావుగా."

"చూస్తూనే ఉన్నా బావా. నువ్వు కానియ్యి."

చూస్తూనే ఉన్నాడు. ఒక లారీ నంబరు కొట్టడం, చిన్న తెర వైపు చూడటం. ఇంకో లారీ, ఇంకో చూపు. ఇరవై పాయింట్ ఎనిమిది. ఎంత బుద్ధిగా ఉందో అంకె అనుకున్నాడు. మోటారు బిగిస్తున్నావా లేక దానితో కాపురం పెట్టావా అని వాకీటాకీలో బావని ఆటపట్టించాడు. జవాబు రాలేదు. చేతులు ఖాళీగా లేవేమో అనుకున్నాడు.

బావ దిగినప్పటి నుంచీ అంకె ఎలా నడిచిందో చూద్దామని మౌస్ కుడివైపుకి తోశాడు. బాణం గుర్తు పెద్ద మానిటర్ అంచు దాటింది. చిన్న తెరలోకి రాలేదు.

వెనక్కి లాగాడు, వచ్చింది. మళ్ళీ తోశాడు, మాయమైంది. మౌస్‌ని గుండ్రంగా తిప్పాడు. చిన్న తెరలో ఏదీ కదల్లేదు. అంకె కదల్లేదు, దాని పక్కన ఎప్పుడూ కొట్టుకునే పచ్చ చుక్క కూడా కొట్టుకోవడం లేదు.

ఇంతసేపూ తను చూస్తున్నది అంకె కాదు, అంకె ఫొటో.

లారీల పేజీ మూసేసి ఆక్సిజన్ పేజీని పెద్ద మానిటర్‌లో తెరిచాడు. మూడో గది ఎదురుగా ఎర్రటి గడిలో ఏడు కనిపించింది. చూస్తుండగానే ఆరు పాయింట్ తొమ్మిది అయింది.

వాకీటాకీలో అరుస్తూనే పరుగెత్తాడు. లోడింగ్ ఆఫీసు దాటుతుంటే ఓరకంట ఒకటి పడింది. వైఫై డబ్బా వైరు కింద వేలాడుతోంది. దాని ప్లగ్గులో లేబుల్స్ కొట్టే మెషిన్ ఉంది. లారీలు తొందరపెడుతున్నాయని మేనేజర్ పీకి పెట్టుకున్నాడు. ఆగడానికి టైము లేదు.

మూడో గది తలుపు దగ్గరగా మూసుకుని ఉంది, లాగి తీశాడు. గుమ్మంలో నిలబడి పిలిచాడు. లోపల పళ్ళ పెట్టెల వరసలు, పసుపు లైటు, నిశ్శబ్దం. దూకబోయి ఆగాడు. ముసుగు లేకుండా దూకినవాడు రెండో శవమని నేర్పింది బావే. గోడకి వేలాడే గాలి సిలిండర్ దించి ముసుగు తగిలించుకోబోతే పట్టీలు చిక్కుపడ్డాయి. ఆ పట్టీలతో పెనుగులాడిన కాసేపట్లో అతను ఏడ్చాడు కూడా.

మేస్త్రి పెట్టెలకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. పని మధ్యలో నడుం నొప్పి పుట్టి కాసేపు కూలబడినట్టే ఉన్నాడు. ఒళ్ళో పానా ఉంది. మోటారు బిగించడం కూడా అయిపోయింది. చంకల కింద చేతులు వేసి తలుపు దాకా ఈడ్చుకొచ్చాడు. హెల్పర్, డ్రైవర్లు పరుగున వచ్చారు. ఛాతీ మీద ఒకరి తర్వాత ఒకరు నొక్కుతూనే ఉన్నారు, అంబులెన్స్ వచ్చేదాకా.

ఆసుపత్రిలో డాక్టర్ ఎక్కువ మాట్లాడలేదు. స్టోరేజీలోనే పోయారమ్మా, ఇక్కడికి తెచ్చాక మేము చేయగలిగిందేమీ లేకపోయింది అని అక్కతో చెప్పి వెళ్ళిపోయాడు. పక్కగది వాల్వులో రబ్బరు అరిగిపోయిందట. ఎంత బిగించినా నైట్రోజన్ లోపలికి లీకవుతూనే ఉంటుందట. ఆ మాట మేనేజర్ చెప్పాడు. చెప్పి, బావమరిదిని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"మేస్త్రి చెప్పకుండా దిగాడని చెప్పు. అడిగేవాళ్ళు వస్తారు. ఆ గేమ్‌ని నేను తీసేయించాను. నీకూ మంచిది, నాకూ మంచిది. పోయినవాడు ఎలాగూ రాడు."

బావమరిది ఆయన్ని అక్కడే వదిలేశాడు. వచ్చి అక్క పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఏడవడం లేదు. ఎదురుగా గోడని చూస్తూనే అడిగింది.

"నువ్వు డ్యూటీలోనే ఉన్నావు కదరా?"

"ఉన్నానక్కా."

"చూస్తూనే ఉన్నావా?"

మెట్ల దగ్గర నుంచి మేనేజర్ ఇటే చూస్తున్నాడు. చూడలేదు అంటే ఒక విధంగా తేలిక. కాసేపు కునుకు పట్టిందంటే అక్క తిట్టి, కొట్టి, ఎప్పటికో క్షమించేది.

"చూస్తూనే ఉన్నాను. అది ఆగిపోయింది, నాకు తెలియలేదు. ఆగితే చెప్పే పలకని నేనే తీసేశాను," అన్నాడు. తర్వాత అంతా వరసగా చెప్పాడు, గేమ్ ఎవరిదన్నది తప్ప. అది ఆమెకి తెలుసు.

అక్క విన్నది. ఒళ్ళో ఉన్న మేస్త్రి ఫోన్ మోగింది. ఆయన తల్లి. మోగి ఆగింది, వెంటనే మళ్ళీ మోగింది. అక్క దాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు. మధ్యలో ఏదీ మింగెయ్యకు," అని లేచి డాక్టర్ వెళ్ళిన తలుపు వైపు నడిచింది.

అతను ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. అవతల నుంచి ముసలామె ఎప్పటిలాగే దండకం ఎత్తుకుంది. ఫోన్ ఎత్తడానికి తన కొడుక్కి ఇంత బద్ధకమేంటని, పెళ్ళాం గారాబం చేసి చెడగొట్టిందని. ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆగేదాకా అతను ఆగాడు.

"నేను అత్తయ్యా. మీ పక్కన ఎవరున్నారు?"