వీపు చూపించే తెర

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక రెడీమేడ్ బట్టల కొట్టు, బట్టలు తొడుక్కుని చూసుకునే గదులు రెండు, బేరమాడకుండా కొనే పాత ఖాతాదారులు కొందరు, పెద్ద చదువు చదువుతున్న మేనకోడలు ఒకతె. మేనకోడల్ని లాభాల కింద వేసుకున్నాను. అక్కడే లెక్క తేడా కొట్టింది.

డిజిటల్ ఫ్యాషన్ డిజైన్‌లో ఆమెది చివరి ఏడాది. సొంతంగా ఒక తెర తయారుచేసింది. దాని ముందు నిలబడితే మన బొమ్మ కనిపిస్తుంది. కొట్లోని ఏ చొక్కానో గౌనునో ఎంచుకుంటే అది బొమ్మ ఒంటి మీదికి వచ్చేస్తుంది. పలచటి గుడ్డ ఊగుతుంది, మందపు గుడ్డ బిగుసుకుని నిలబడుతుంది. నిజమైన కొట్లో, నిజమైన జనం మధ్య అది పనిచేస్తేనే కాలేజీవాళ్లు పాస్ చేస్తారట.

"నీ కొట్టు ఉండగా బయటివాళ్ల కాళ్లు పట్టుకోమంటావట్రా?" అంది మా అక్క ఫోన్లో. ఒక గది పీకించి తెర పెట్టించాను.

జనం విరగబడ్డారు. తెర ముందు వరస, గల్లాపెట్టె ముందు నేనొక్కణ్ణి. ఒకమ్మాయి కొట్లోని గౌన్లన్నీ తెర మీదే తొడుక్కుని, ఎర్రదాన్లో ఫోటో తీసుకుని బయల్దేరింది.

"బావుందిగా తల్లీ, ప్యాక్ చేయించనా?" అన్నాను.

"వద్దంకుల్. ఫోటో పెట్టేశాను, అందరూ చూసేశారు. మళ్లీ అదే వేసుకెళ్తే, నీకిది తప్ప ఇంకోటి లేదా అంటారు."

అంటే నా సరుకు హ్యాంగర్ దిగకుండానే పాతదైపోతోంది.

మేనకోడలు మాత్రం ల్యాప్‌టాప్ చూసుకుని మురిసిపోతోంది. "మావయ్యా, ఎంతమంది వాడుతున్నారో చూడు."

"వాడినవాళ్లు సరే, కొన్నవాళ్లేరి?"

"అది నా ప్రాజెక్టులో లేదు."

"నా కొట్లో ఉందమ్మా."

తెర తీసేస్తే ఆమె ఏడాది పోతుంది. ఉంచితే నా సీజన్ పోతుంది. కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లనే గమనించాను. అందరికీ కావలసింది ఫోటోలో తమ ముఖం. మామూలు అద్దంలో మెడలు విరుచుకున్నా సరిగ్గా కనపడనిది వీపు.

"ముఖం తీసేసి, వెనకవైపు మాత్రమే చూపించు," అన్నాను.

"ముఖం కుదరడానికే నాకు ఏడాది పట్టింది. వీపు ఎవడైనా చేస్తాడు."

"వీపు ఫోటో ఎవడూ పెట్టుకోడు. నాకు కావలసిందీ అదే."

"ప్రాజెక్టు చూడ్డానికొచ్చిన కాలేజీవాళ్లు ముఖం ఏదంటే?"

"వీపైతే తెర కొట్లో ఉంటుంది. ముఖమైతే ఇప్పుడే వ్యాన్ పిలుస్తాను."

కీబోర్డు మీద నా మీది కసి అంతా తీర్చుకుంది. కెమెరాను వెనక గోడకు మార్చింది. ఇంటికెళ్లేటప్పుడు వస్తానని కూడా చెప్పలేదు.

పరీక్షకొచ్చిన మేడం తెర ముందు నిలబడి, "ఇందులో ముఖం కదా ఉండాలి?" అని అడిగింది.

"తీసేశాం మేడం. ముఖం కనిపిస్తే ఫోటో తీసుకుని పోతున్నారు, కొనట్లేదు," అంది మా పిల్ల, నా వైపు చూడకుండా.

మేడం ఒక కోటు ఎంచుకుంది. తెర మీద ఆవిడ నడుం దగ్గర గుడ్డంతా మడతలు పడింది.

"నిజంగా ఇలాగే ఉంటుందా?"

"అచ్చం అలాగే ఉంటుంది మేడం," అంది మా పిల్ల.

ఆ ఒక్కసారికి అబద్ధమాడితే దాని సొమ్మేం పోయేది? మేడం పెదవి బిగించి ఏదో రాసుకుంది.

చివరికి తేలిన లెక్క ఇది. ఫోటోల గుంపు పోయింది, కొనేవాళ్లు తిరిగొచ్చారు. కానీ తమ వీపు చూసుకున్న ప్రతివాళ్లూ ముఖం మాడ్చుకుని, ఇక్కడ బిగించు, అక్కడ వదులు చెయ్యి అంటున్నారు. ఆ ఫోటోల రోజుల్లో అమ్మకంలో పోయింది ఇప్పుడు కుట్టుకూలిలో వస్తోంది. మా పిల్ల అత్తెసరు మార్కులతో పాసైంది. నాతో మాట్లాడటం లేదు. తెర పట్టుకుపొమ్మని కబురు చేస్తే, వీపు చూపించేది తనది కాదు, నాదేనంది. కాబట్టి ఇంత గొడవకీ నాకు మిగిలింది ఒక తెర, దాని కరెంటు బిల్లు.