థోరా సణుగుడు

థోరా అంత్యక్రియల రోజున కూడా ఆర్డిస్‌కు వంటగదే రాసిపెట్టి ఉంది. ఎంత మొత్తుకున్నా ఎవరు విన్నారు గనక!

నార్త్ డకోటాలోని ఆ లూథరన్ చర్చిలో ఎవరు పోయినా పైన ప్రార్థన, కింద నేలమాళిగలో భోజనం. పనంతా మహిళా సంఘానిదే. పోయినవాళ్ల బంధువులకు మాత్రం ఆ రోజు వంటగది నుంచి సెలవు. థోరా ఆర్డిస్‌కు బంధువు కాదు మరి! ఇన్నేళ్లూ ఒకే సింకు దగ్గర మోచేతులు రాసుకుంటూ గిన్నెలు తోమారు, అంతే. "మనిద్దర్లో ముందెవరు పోయినా రెండోది పైన కూర్చోవాలి. పొడి చేతులతో. మాటియ్యి" అనేది థోరా. ఆర్డిస్ మాట ఇచ్చింది.

"ఇవాళొక్కరోజు నన్నొదిలెయ్యవే" అని పొద్దున్నే సంఘం అధ్యక్షురాలు లవాన్‌ను బతిమాలింది.

"అయ్యో అక్కా, నువ్వు కాకపోతే కాఫీ ఎవరు పెడతారు? థోరాకి కూడా నీ కాఫీ అంటే ప్రాణం కదా!"

"థోరా ఇవాళ తాగదులే తల్లీ."

లవాన్ నవ్వేసి, నల్లగౌను సర్దుకుని మెట్లెక్కి పోయింది. ఆర్డిస్‌కు ఒళ్లు మండిపోయింది. అక్కడి చర్చి కాఫీ పద్ధతి ప్రకారం కాఫీపొడిలో గుడ్డు కొట్టి, పెంకుతో సహా కసిగా నలిపింది. ఆ ముద్దను మరిగే నీళ్లలో వేశాక పక్కకు చూడకూడదు. చూస్తే పొంగి పొయ్యి మీద పడుతుంది.

గదుల్ని వెచ్చబెట్టే వేడిగాలి గొట్టంలోంచి పైన మాటలు కిందికి వినిపిస్తాయి. థోరా, ఆర్డిస్ ఇన్నేళ్లూ అంత్యక్రియల ప్రసంగాలు విన్నది అలాగే. "థోరాగారు సణగడమే ఎరగరు. ఆ వంటగదే ఆమెకు పరలోకం" అంటున్నాడు పాస్టరు.

"ఏడిసినట్టుంది!" అంది ఆర్డిస్ గొట్టం కేసి చూసి.

"ఎవరైనా నాలుగు మాటలు చెబుతారా?" అని అడిగాడాయన. దగ్గులు తప్ప ఏమీ వినబడలేదు. అక్కడ ఎవరూ లేచి మాట్లాడరు, ఆ అలవాటే లేదు. ఆర్డిస్ గరిటె పక్కన పడేసి మెట్లెక్కింది. ఏప్రన్ కూడా విప్పలేదు.

"పాస్టర్‌గారూ, థోరా సణగలేదని ఎవరు చెప్పారండీ మీకు?" అంది తలుపు దగ్గర నిలబడే. "వచ్చిన ప్రతిసారీ సణిగింది. మోకాళ్లు లాగేస్తున్నాయని, మగాళ్లు మన మొహమైనా చూడకుండా కప్పు చాపుతారని. 'ఇదే ఆఖరు, ఇంక నావల్ల కాదు' అని ఏప్రన్ విసిరికొట్టేది. మళ్లీ ఎవరో పోయారనగానే నాకంటే ముందొచ్చి లైటు వేసేది. సరదాగా ఉంటే ఎవరైనా వస్తారు. థోరా ఒళ్లు మండుతున్నా వచ్చింది. ఆ సణుగుడంతా ప్రభువుకి తెలుసు. మీరు దాన్ని తుడిచేస్తే థోరా పడ్డ కష్టాన్ని తుడిచేసినట్టే!"

పాస్టరు మొహం కందిపోయింది. ముందు వరసలో థోరా భర్త ఓర్విన్ ముసలాయన ఫక్కున నవ్వి, అంతలోనే కళ్లు తుడుచుకున్నాడు.

"మిగతా సణుగుడు ఇంటికొచ్చి నాకు వడ్డించేది" అన్నాడు. పక్కకు జరిగి, "ఇలా వచ్చి కూర్చో ఆర్డిస్" అన్నాడు.

ఆమె ఏప్రన్‌కు చేతులు రెండూ గట్టిగా తుడుచుకుని, బంధువుల వరసలో కూర్చుంది.

ఆఖరి పాట ఎత్తుకున్నారు. రెండో చరణంలో ఉండగా మాడు వాసన మెట్లెక్కి వచ్చింది. లవాన్ గబుక్కున తిరిగి ఆర్డిస్‌ను చూసి, కళ్లతోనే కిందికి సైగ చేసింది. ఆర్డిస్ కూడా ఆమె కళ్లలోకే చూసింది, కదలలేదు. కాసేపటికి లవానే లేచి, నల్లగౌను ఎత్తిపట్టుకుని మెట్ల వైపు పరుగుతీసింది.

చివరి చరణం వచ్చేసరికి ఆర్డిస్ నోరు ఆగిపోయింది. ఇన్ని అంత్యక్రియల్లోనూ ఆ పాట ఎత్తుకోగానే కప్పులు సర్దే హడావుడే తప్ప, చివరిదాకా పాడింది ఎప్పుడు గనక? ఆమెకు ఆ మాటలు రావు. ఓర్విన్ తన పాటల పుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు.